గొంగడి కప్పిన డోలు: పెద్దగట్టు జాతరలో ఒక మేళం వెంట

ఆదివారం, 2025 ఫిబ్రవరి 16

సంగీతోత్సవం అంటే మనకు టికెట్టు, స్టేజీ, రంగు లైట్లు గుర్తొస్తాయి. నన్నడిగితే దక్షిణ తెలంగాణలో అన్నిటికన్నా పెద్ద సంగీతోత్సవం సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గట్టు మీద జరుగుతుంది. దానికి టికెట్టు లేదు, స్టేజీ లేదు. రెండేళ్ళకోసారి, మాఘమాసంలో ఒక ఆదివారం మొదలై ఐదు రోజులు నడిచే లింగమంతుల స్వామి జాతర అది. పెద్దగట్టు జాతర అని అందరూ అంటారు, గొల్లగట్టు జాతర అని పాతవాళ్ళు అంటారు. మేడారం తర్వాత మన రాష్ట్రంలో అంత జనం చేరేది ఇక్కడే. యాదవుల ఇలవేల్పు లింగమంతులు, ఆయన చెల్లెలు చౌడమ్మ. మొక్కు ఉన్నవాళ్ళు మొక్కు కోసం వస్తారు. నేను మేళాల కోసం వచ్చాను.

పొద్దున్నే ఎల్బీనగర్‌లో బస్సెక్కాను. విజయవాడ పోయే బండ్లన్నిటినీ నార్కట్‌పల్లి దగ్గర నల్గొండ వైపు మళ్ళిస్తున్నారు. మా బస్సు సూర్యాపేట వరకే కాబట్టి నేరుగా పోనిచ్చారు. నకిరేకల్ దాటినప్పటి నుంచి రోడ్డంతా ట్రాక్టర్లు, డీసీఎంలు, ఆటోలు. ప్రతి బండిలో ఒక మేకపోతో గొర్రెపొట్టేలో, వంటగిన్నెలు, కట్టెల మోపు, పిల్లలు. ట్రాలీల మీద నిలబడి ‘ఓ లింగా, ఓ లింగా’ అని పిలుచుకుంటూ పోతున్నారు. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఆ పిలుపు వినబడినప్పుడల్లా చేతులు జోడిస్తూనే ఉంది.

సూర్యాపేటలో మా పెద్దమ్మ వాళ్ళిల్లు. మధ్యాహ్నమే గట్టుకు బయల్దేరబోతే ఆపింది. ‘‘ఎండ దిగినంక పో బిడ్డా. దేవరపెట్టె వచ్చేది రాత్రికి. గిప్పుడు వోయి ఏం జేస్తవ్?’’ అని అన్నం పెట్టింది. దేవరపెట్టె అంటే దేవుళ్ళ విగ్రహాలుండే పెట్టె. సాయంత్రం అన్న బండి మీద తీసుకుపోయాడు. గట్టు ఇంకా దూరముండగానే పోలీసులు బండ్లు ఆపేయడంతో చేనులో పెట్టి నడిచాం.

గట్టు కనబడకముందే వినబడింది. ముందు అరికాళ్ళకు తెలిసింది, ఆ తర్వాత చెవులకు అందింది. భేరీలు, డోళ్ళు, డప్పులు, తాళాలు, కొమ్ములు, ఏది ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోలేం. చెలకల నిండా గుడారాలు, పొయ్యిలు. పసుపు బట్టలు కట్టుకున్న మగవాళ్ళు, కాళ్ళకు గజ్జెలు, కొందరి ఒంటి మీద గజ్జెల లాగులు. మోకాళ్ళ దాకా ఉండే లాగుకు వరసలు వరసలుగా గజ్జెలు కుట్టి ఉంటాయి. అది వేసుకున్న మనిషి ఊరికే నడిచినా వాయించినట్టే. చేతుల్లో కటార్లు పట్టుకుని వాటిని తిప్పుతూ ఎగురుతున్నారు.

అంత మోతలో మెట్లకు కాస్త పక్కగా ఒక చోట మాత్రం జనం గుంపుగా నిలబడి ముందుకు వంగి చూస్తున్నారు. అక్కడి నుంచి పెద్దగా శబ్దం రావట్లేదు. ‘‘ఎవరికన్నా దెబ్బ తాకినట్టుంది తమ్మీ’’ అన్నాడు అన్న. మనుషుల మధ్య నుంచి దూరి చూశాం.

అక్కడ ఒక మేళం ఉంది. ఇద్దరు డోళ్ళవాళ్ళు, ఒక డప్పు, ఒక కొమ్ము, చంకలో జమిడిక పెట్టుకున్న ముసలాయన. ఇంతవరకూ వింత లేదు. వాళ్ళ మధ్యలో ఎర్ర కోటు, భుజాల మీద జరీ కుచ్చులు, నెత్తి మీద టోపీతో పెళ్ళి బ్యాండు మేళం నుంచి నేరుగా లేచొచ్చినట్టు ఒక క్లారినెట్ ఆయన. వీళ్ళందరి ముందు గజ్జెల లాగు వేసుకున్న ఒక బక్కపలచని మనిషి. ఆయన చేతిలో వాయిద్యం లేదు. పెద్ద డోలు మీద నల్ల గొంగడి కప్పి ఉంది. డోలాయన ఆ గొంగడి మీదనే కర్రతో కొడుతున్నాడు. దుబ్, దుబ్, దుబ్. చెవి దగ్గరగా పెడితే తప్ప వినబడనంత మెత్తగా.

గజ్జెలాయన ఒక్క కాలు మాత్రం కదిలిస్తున్నాడు. క్లారినెట్ నుంచి గొర్రెపిల్ల అరుపు వచ్చింది. నిజంగా గొర్రెపిల్లే అరిచిందేమో అని కొందరు వెనక్కి చూశారు. దానికి గజ్జెలాయన నాలుకతో, పెదవులతో కాపరులు మందను మలేసే కూత పెట్టాడు. క్లారినెట్ బదులిచ్చింది. ఇంకో వైపు నుంచి కొమ్ము ముసలి పొట్టేలు గొంతుతో పలికింది. చుట్టూ ఉన్న జనంలో సగం మంది గొర్రెలు కాచినవాళ్ళే, వాళ్ళూ ఎవరి కూత వాళ్ళు మొదలుపెట్టారు. నాలుగు వైపుల నుంచీ కూతలు, ఈలలు. అప్పుడు గజ్జెలాయన రెండు కాళ్ళ మీద ఎగిరి దూకాడు, ఆ దూకుడుతోనే డోలాయన గొంగడి లాగి పారేశాడు, రెండు డోళ్ళూ డప్పూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. నా ఒళ్ళు జలదరించింది. ‘‘ఓ లింగా!’’ అని జనం అరిచిన అరుపు ఆ డోళ్ళను మించిపోయింది.

రాత్రి కేసారం ఊరి నుంచి దేవరపెట్టె వచ్చింది. ఆ తర్వాత గంపల ప్రదక్షిణ. ఆడవాళ్ళు నెత్తిన గంపలు పెట్టుకుని గుడి చుట్టూ తిరుగుతారు. ఆ తోపులాటలో మేళాన్ని వెతికి పట్టుకోవడమే కష్టమైంది. ఎర్ర కోటు కనబడబట్టి దొరికారు. ఒక కుటుంబానికి వాయిస్తున్నారు, అదీ వెనక్కి నడుస్తూ. గంప ఎత్తుకున్న ఆమె ముఖం వైపే చూస్తూ అందరూ అడుగు అడుగూ వెనక్కి వేస్తున్నారు. వాళ్ళ వెనక మాత్రం కుటుంబంలోని కుర్రాళ్ళు ఇద్దరు దారి చేస్తున్నారు.

వాళ్ళ దరువు ఎందుకంత వింతగా ఉందో అప్పుడు నాకు అందింది. సాయంత్రం విన్నప్పుడు లెక్క కట్టాలని చూశాను. ఒకసారి సాగుతుంది, ఒకసారి కుదించుకుంటుంది, మధ్యలో ఆగుతుంది, ఏ తాళానికీ ఒదగదు. ఇక్కడ చూస్తే ఆమె అడుగు ఎంత దూరంలో పడితే దరువు అంత దూరంలో పడుతోంది. గజ్జెలాయన ఆమె పాదాలు చూస్తున్నాడు, డోళ్ళవాళ్ళు గజ్జెలాయన కాళ్ళు చూస్తున్నారు. ఆమె గంప సర్దుకోవడానికి ఆగితే మేళం మొత్తం ఆగింది. అంత మందిలో ఆ ఒక్క మనిషి నడకకు ఏడుగురు కట్టుబడి ఉన్నారు. ఇంతవరకూ నేను విన్న ఏ బ్యాండూ వినేవాళ్ళ కాళ్ళను చూసి వాయించలేదు.

సోమవారం

తెల్లారకముందే మళ్ళీ గట్టు కింద ఉన్నాను. రాత్రి మంచుకు తోళ్ళన్నీ మెత్తబడ్డాయి. ఎక్కడ చూసినా చితుకుల మంటలు, వాటి చుట్టూ డప్పులు కాస్తూ మనుషులు. మా మేళం డప్పాయన ఒక చేత్తో డప్పును మంటకు అటూ ఇటూ తిప్పుతూ, రెండో చేతి వేళ్ళతో తడుతూ విన్నాడు. ఇంకా కాలేదు. మళ్ళీ తిప్పాడు. మధ్యలో తడితే బొంగురుగా, అంచుకు తడితే ఖణేల్మని పలికేదాకా కాచాడు. కుడిచేతికి పొట్టిగా లావుగా ఉండే చిర్ర, ఎడమచేతికి సన్నగా పొడవుగా ఉండే సిటికెన పుల్ల. చిర్ర దరువు మోస్తుంది, సిటికెన పుల్ల దాని సందుల్లో చిటపటలాడుతుంది. ఈ రెండు కర్రలు చేతులు మారితే డప్పు డప్పుగా ఉండదు అన్నాడు. నా చేతికిచ్చి కొట్టమన్నాడు కూడా. ఎడమచేతి వేళ్ళ మధ్య ఆ పుల్లను వదులుగా నిలపడమే ఒక విద్య.

టీ తాగుతూ డోలాయన పక్కన కూర్చున్నాను. గొంగడి సంగతి అడిగాను.

‘‘మా నాయిన నేర్పిన పద్ధతి బిడ్డా. పగటీలి గొర్లెంబడి తిరుగుడు, డోలు నేర్సుకునుడు రాత్రి మంద కాడనే. డోలు సప్పుడైతే గొర్లు బెదురుతయ్ గద. ఒక్కటి ఉరికితే మందంత ఉరుకుతది. గందుకే గొంగడి కప్పి కొట్టమనేటోడు. గొర్లు పండుకుని నెమరేస్తుండాలె, నేను దరువు తప్పొద్దు. గట్ల నేర్సుకున్న.’’

‘‘మరి జాతరలో ఎందుకు కప్పుతున్నారు? ఇక్కడ బెదిరే గొర్లు లేవు కదా?’’

‘‘గొంగడి మీద కొట్టినప్పుడు సప్పుడు చేతిల నుంచి రాదు, దరువు ఒక్కటే వస్తది. అది సక్కగ లేకపోతే ఎంటనే తెలుస్తది. ముందు అది కుదరాలె, తర్వాత గొంగడి తీసుడు.’’

ఆ గొంగడి పాతది. నల్ల గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించినది, అంచులు అట్టలా బిరుసుగా ఉన్నాయి. ఇప్పుడు మందల్లో ఎక్కువగా ఉన్నవి నెల్లూరు జాతి గొర్రెలు. వాటి ఒంటి మీద ఉన్ని ఉండదు, మాంసానికే పెంచుతారు. ఉన్ని ఇచ్చే నల్ల దక్కనీ గొర్రెలు తగ్గిపోయాయి కాబట్టి అసలు గొంగడి దొరకడం కష్టమైంది. ఇది చిరిగితే మళ్ళీ ఇలాంటిది దొరకదని డోలాయన దాన్ని మడత పెట్టి తానే మోస్తాడు, ఎవరికీ ఇవ్వడు.

క్లారినెట్ ఆయన వాళ్ళ కులంవాడు కాదు, వాళ్ళ ఊరివాడూ కాదు. కోదాడ వైపు బ్యాండు మేళంలో వాయిస్తాడు. మాఘమాసం పెళ్ళిళ్ళ కాలం, ఒక్క రోజు పోతే ఎంత పోతుందో ఆ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు. అయినా ఈ ఐదు రోజులు ముహూర్తాలు ఒప్పుకోడట. కొన్ని జాతరల కింద పెళ్ళి ఊరేగింపు ముగించుకుని ఇంటికి పోతూ గట్టు దగ్గర ఆగి, వీళ్ళు వాయిస్తుంటే ఊరికే పక్కన నిలబడి ఒక స్వరం పట్టాడు. గజ్జెలాయన వెనక్కి తిరిగి చూసి చేయి ఊపాడు. అప్పటి నుంచి మేళంలోనే ఉన్నాడు. కోటు ఎందుకు మార్చలేదంటే, ‘‘జనంల వీళ్ళు నన్ను పోగొట్టుకోకుండ సార్’’ అన్నాడు. పెళ్ళిళ్ళలో సినిమా పాటలన్నీ వాయించే మనిషి ఇక్కడ ఒక్క పాటా వాయించడు. అరుపులు, కూతలు, ఒకే స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు పట్టడం, అంతే. పెళ్ళిలో అందరూ అడిగింది వాయిస్తాననీ, ఇక్కడ మాత్రం తనకు వినబడింది వాయిస్తాననీ చెప్పాడు.

ఎండ ఎక్కేసరికి బోనాలు మొదలయ్యాయి. లింగమంతులకు నైవేద్యం శాకాహారమే, కోళ్ళూ మేకపోతులూ చౌడమ్మకు. మెట్ల దారిలో పైకి పోయేవాళ్ళు, కిందికి వచ్చేవాళ్ళు, మధ్యలో మేళాలు. పూర్వం జాతర ఉండ్రుగొండ మీద జరిగేదని, గంప ఎత్తుకుని పైకెక్కుతున్న నిండు చూలాలు జారిపడితే స్వామి ఆమె కష్టం చూసి ఈ చిన్న గట్టుకు దిగొచ్చాడని ఇక్కడ కథ చెబుతారు. నిన్న రాత్రి గంప కింది అడుగులు చూసి వచ్చాను కాబట్టి ఈ కథ నాకు కొత్తగా వినబడింది. మోసే మనిషి నడకను బట్టి దేవుడే చోటు మార్చుకున్న గట్టు ఇది. మేళం తన దరువు మార్చుకోవడం ఇక్కడ తగిన పనే.

మధ్యాహ్నం ఎండ మండుతుంటే ఒక చింతచెట్టు కింద మేళం ఆగింది. జనం వదల్లేదు. అప్పుడు జమిడిక తాత వంతు వచ్చింది. జమిడిక చూడనివాళ్ళకు చెబుతాను. గుండ్రటి గొట్టం, ఒక వైపు తోలు బిగించి, ఆ తోలు మధ్యలోంచి ఒక నరం లోపలికి పోయి ఇంకో వైపు బయటికి వస్తుంది. గొట్టాన్ని చంకలో ఇరికించి, ఆ నరాన్ని ఎడమచేత్తో లాగి పట్టి, కుడిచేతి పుల్లతో మీటుతారు. లాగితే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. బైండ్లవాళ్ళు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు దీన్ని వాయిస్తారు. కథకుడి మాటకు వంత పాడటం దీని పని. ఈ తాత మాత్రం దాంతో మాట్లాడిస్తాడు.

గజ్జెలాయన అడిగాడు: ‘‘తాతా, మందల ఎన్ని గొర్లున్నయే?’’

జమిడిక: గుబుక్, గుబుక్, గుబుక్.

‘‘మూడేనా? మొన్న నలభై అంటివి!’’

జమిడిక సాగదీసుకుంటూ కిందికి జారింది. అచ్చంగా ‘ఏం జెప్పాలె’ అన్నట్టే ఉంది. జనం పగలబడి నవ్వారు.

‘‘తోడేలు ఎత్కపోయిందా?’’

గుబుక్. ఒక్కటే, గట్టిగా, కాదన్నట్టు.

‘‘మరి అమ్ముకున్నవా?’’

జవాబు లేదు. తాత నరం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నవ్వు తగ్గింది. కాసేపటికి చాలా మెల్లగా, నరాన్ని కొద్దికొద్దిగా లాగుతూ ఒక స్వరం తీశాడు. అది ఎంత సేపటికీ పైకి చేరలేదు. నా పక్కనున్న ఒక నడివయసు మనిషి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. బిడ్డ పెళ్ళికి మంద అమ్మినవాళ్ళు, కరువులో అమ్మినవాళ్ళు ఆ గుంపులో ఎంతమంది ఉన్నారో. ఒక్క మాట కూడా లేకుండా ఆ ముసలాయన అందరినీ ఒకే చోటికి తీసుకుపోయాడు. ఈ జాతరలో నేను విన్న అన్నిటిలోకీ ఇదే గొప్పది అని రాయడానికి నాకు సందేహం లేదు.

సాయంత్రం డీజే వచ్చింది. ట్రాక్టర్ ట్రాలీ నిండా బాక్సులు, జనరేటరు. మేళానికి పక్కనే ఆగింది. చెట్టు ఆకులు అదురుతున్నాయి. పక్క మేళం ఒకటి ఇంకా గట్టిగా కొట్టి చూసి, చేతులు నొప్పి పుట్టి మానేసింది. వీళ్ళు ఏం చేస్తారో అని చూశాను. గజ్జెలాయన అందరినీ నేల మీద కూర్చోబెట్టాడు. గొంగడి మళ్ళీ డోలు మీద పడింది. ఈసారి రెండో డోలు మీద ఎవరిదో దుప్పటి. గజ్జెలాయన కూడా కూర్చుని ఒక మడమతో నేల మీద తడుతున్నాడు.

వినబడటం కోసం జనం దగ్గరికి జరిగారు. ఇంకా దగ్గరికి. ముందు వరస కూర్చుంది, వెనక వరస వాళ్ళ భుజాల మీద వంగింది, ఆ వెనక వాళ్ళు వీళ్ళ వీపులకు ఆనుకున్నారు. మనుషులే గోడ కట్టారు. లోపల డోలు వినబడుతోంది. డీజే ఆగలేదు, దాని మోత మా వీపుల మీద పడుతూనే ఉంది. కానీ ఆ వలయంలో ఉన్నవాళ్ళం అందరం లోపలి దుబ్ దుబ్‌నే వింటున్నాం. ఎవరో ఒకామె తన పిల్లవాడి చేయి తీసుకుని గొంగడి మీద పెట్టించింది. డోలాయన కర్ర ఆపకుండా ఆ చేయి పక్కనే కొట్టాడు. కొద్దిసేపటికి ట్రాక్టర్ ముందుకు పోయింది. గొంగడి తీశారు. ఆ తర్వాత వాయించింది ఎంతసేపో నేను గడియారం చూడలేదు.

రాత్రి ఇంటికి చేరేసరికి పెద్దమ్మ మేలుకునే ఉంది. ‘‘మొక్కు లేదు ఏం లేదు, ఇంత రాత్రిదాంక ఏం జూసినవ్ రా?’’ అంది. జమిడిక తాత సంగతి చెప్పాను. తనకు పెళ్ళైన కొత్తలో వాకిట్లో బైండ్లవాళ్ళు కథ చెప్పిన రాత్రుల గురించి తనే చాలాసేపు చెప్పింది.

మంగళవారం

పొద్దున మేళం పడుకుంది. అన్న సెలవు పెట్టాడు, ఇద్దరం పిల్లలమర్రి పోయాం. సూర్యాపేటకు దగ్గరే. కాకతీయుల కింద రేచర్ల రెడ్లు ఏలిన ఊరు. ఇక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో ఎరకసాని కట్టించింది. నల్లరాతి స్తంభాలు ఇప్పటికీ నునుపుగా మెరుస్తాయి. నామేశ్వరాలయంలో స్తంభాలను తడితే స్వరాలు పలుకుతాయని ఊరివాళ్ళు చెబుతారు. వేలి కణుపుతో మెల్లగా తట్టి చెవి ఆనించాను. లోహం లాంటి సన్నటి మోగు ఒకటి రాతిలో ఉంది. నాణేలతో, రాళ్ళతో కొట్టేవాళ్ళను చూస్తే మాత్రం బాధేస్తుంది. దయచేసి కొట్టకండి, వేలు చాలు.

మధ్యాహ్నానికి గట్టుకు వచ్చాం. మంగళవారం చంద్రపట్నం. పసుపు, కుంకుమ, పిండి, ఆకుపచ్చ పొడితో నేల మీద పెద్ద ముగ్గు పోస్తారు. దాని ముందు బైకానులు స్వామి కథ చెబుతారు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు కథలో తర్వాత వచ్చే మాట ముందే అంటున్నారు, అంత కంఠతా వచ్చినా మళ్ళీ విన్నారు. మా మేళం అక్కడ వాయించలేదు. ‘‘ఇయ్యాల వాళ్ళ దినం. మేం వినాలె’’ అని గజ్జెలాయన వెనక వరసలో కూర్చున్నాడు. లాగు విప్పి పక్కన పెట్టుకున్నాడు, కదిలితే మోగుతుందని.

బుధవారం

జాతరలో నాలుగో రోజు, దీన్ని నెలవారం అంటారు. జనం పలచబడ్డారు. గుడారాలు విప్పుతున్నారు, పొయ్యిలు మాత్రం చెలకల్లో మిగిలాయి. దుకాణాలవాళ్ళు గాజులు, బొమ్మలు సగం ధరకు ఇస్తున్నారు. మేళం రెండిళ్ళ వాళ్ళకు వాయించింది, అంతే. కొమ్ము ఆయనకు పెదవి పగిలింది. నెయ్యి రాసుకుని కూర్చున్నాడు. నేనూ పెద్దగా తిరగలేదు. ఎండలో మజ్జిగ తాగి, సాయంత్రానికి ఇంటికి వచ్చి పడుకున్నాను.

గురువారం

మకరతోరణం గట్టు దిగి సూర్యాపేట యాదవుల బజారుకు పోయే రోజు. మా మేళం దానికి ముందు కాదు, దూరంగా వెనక నడిచింది. గజ్జెలాయన కాళ్ళు ఇప్పుడు పెద్దగా ఎగరట్లేదు, నడక నడకగా ఉంది, దరువూ అలాగే ఉంది. ఆదివారం రాత్రి గంప ముందు వెనక్కి నడిచిన వాళ్ళు ఇవాళ ముందుకు నడుస్తూ వాయిస్తుంటే వేరే మేళం విన్నట్టుంది.

ఊళ్ళోకి వచ్చాక ఒక అరుగు మీద కూర్చుని డబ్బు పంచుకున్నారు. మొక్కులవాళ్ళు ఇచ్చింది, జనం పైన వేసింది అంతా ఒక తువ్వాలులో పోశారు. మనిషికో పాలు, గజ్జెలాయనకూ అంతే, క్లారినెట్ ఆయనకూ అంతే. ఇంకో పాలు విడిగా తీశారు. అది తోళ్ళకు, నరానికి, గజ్జెలకు. జమిడిక తాత ఆ పాలును తన చేతిలో పెట్టించుకుని రెండుసార్లు లెక్క చూశాడు. క్లారినెట్ ఆయన అక్కడి నుంచే కోదాడ బస్సెక్కాడు, రాత్రికి పెళ్ళి ఉంది. డోలాయన మంద తోలుకుని ఆయకట్టు ఊళ్ళ వైపు పోవాలి. వరి కోసిన పొలాల్లో రాత్రిపూట మంద పెట్టించుకుంటే పొలానికి ఎరువు, కాపరికి ఇంత ధాన్యమో డబ్బో వస్తుంది.

తర్వాతి జాతర 2027 మాఘంలో. వచ్చేవాళ్ళకు చెప్పేది ఇది. ఆదివారం రాత్రి గంపల ప్రదక్షిణ, సోమవారం పొద్దు ఈ రెండూ వదలకండి. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు సొంత కారు కన్నా సూర్యాపేట బస్సు నమ్ముకోవడం మంచిది, అక్కడి నుంచి గట్టుకు జాతర బస్సులు ఉంటాయి. మధ్యాహ్నం మెట్లెక్కకండి, నీళ్ళు దగ్గర పెట్టుకోండి. మేళం దొరికితే పది అడుగుల లోపలే నిలబడండి, వీడియో తీసేవాళ్ళ వెనక నిలబడితే ఏమీ వినబడదు. జేబులో చిన్న నోట్లు ఉంచుకోండి. వాయించినవాళ్ళ చేతిలో పెట్టండి, డోలు మీద విసరకండి.